టోటల్ లాస్ అయిన బోటుని బాగుచేసి సగం ధరకి అమ్ముతున్నారు, కొనొచ్చా?

కొనొచ్చు. కాకపోతే బాగుచెయ్యక ముందే కొనాలి.

తుఫానులో దెబ్బతిని, బాగుచేయించడం గిట్టదని ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ రాసేసిన ఇరవై అడుగుల ఫైబర్ బోటు ఒకటి మీ కంటపడింది. రిపేర్లన్నీ చేయించి, కొత్త రంగు వేసి, అదే మోడల్ మామూలుగా పలికే రేటులో సగానికే ఇస్తామంటున్నారు. ధైర్యం చెయ్యొచ్చా అని అడిగారు. పగిలిన బోటు కన్నా బాగుచేసిన బోటే భద్రం అనుకుంటాం అందరం. నేనూ అలాగే అనుకుని కొన్నాను. ఇప్పుడు నాకు పగిలిన బోటు అంటే భయం లేదు. మెరిసే బోటు అంటేనే భయం. పగులు కంటికి కనిపిస్తుంది, ఎంత చెడిందో లెక్క వేసుకోవచ్చు. దాని మీద రంగు పడ్డాక ఎదుటివాడి మాట నమ్మడం తప్ప మనకి దారి లేదు.

నేను కొన్నది పద్దెనిమిది అడుగుల బోటు, వెనక డెబ్బై ఐదు హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజిన్. తుఫాను రోజు రేవు గోడకి కొట్టుకుని, నీళ్లు నిండి మునిగిపోయిందని అమ్మినాయన ఏమీ దాచకుండా చెప్పాడు. ఆ ముక్క విని మంచివాడు అనుకున్నాను. మునిగిన సంగతి చెప్పాడు గానీ, ఎవరు బాగుచేశారు, ఏం పెట్టి బాగుచేశారు అన్నది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. తెల్లగా అద్దంలా మెరిసిపోతోంది. కొత్త సీట్లు, కొత్త స్టీరింగ్. ఇంజిన్ ఒక్క తాళం తిప్పుకే స్టార్ట్ అయింది. అక్కడికక్కడే మాట ఇచ్చేశాను.

మొదటి ఏడాది హాయిగా గడిచింది. రెండో ఏడాది మా బావ చేపల్ని చూపించే సోనార్ ఒకటి తెచ్చాడు. దాని సెన్సార్‌ని ట్రాన్సమ్‌కి, అంటే ఇంజిన్ వేలాడే ఆ వెనక గోడకి, బయటివైపు కింద బిగించాలి. బోటు ట్రైలర్ మీద ఎండలో ఉంది. నేను అంగుళం కొలిచి, పెన్సిల్‌తో గుర్తు పెట్టి డ్రిల్లు నొక్కాను. ముందు జెల్‌కోట్, అంటే పైన మెరిసే పూత, తెల్లటి పొడిగా రాలింది. తర్వాత ఫైబర్ పీచు వచ్చింది. దాని వెనక ప్లైవుడ్ తగలాలి, ఎండిన చెక్కపొట్టు రావాలి. అదేం రాలేదు. డ్రిల్లు ఒక్కసారిగా మొదలంటా లోపలికి దిగబడింది, వెన్నలోకి దిగినట్టు. బయటికి లాగితే బిట్టు గాడుల నిండా నల్లటి ముద్ద. కుళ్లిన ఆకుల కంపు. ఆ రంధ్రంలోంచి గోధుమరంగు నీళ్లు సన్నగా కారడం మొదలైంది.

మూడు వారాలుగా ఎండలో ఉన్న బోటు అది. బావ కింద మగ్గు పెట్టాడు. మగ్గు నిండింది. పారబోసి మళ్లీ పెట్టాడు. రెండోసారి కూడా సగం పైన వచ్చింది. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. చివరికి బావే అన్నాడు, "ఒరేయ్, ఇంజిన్ బిగించింది దీనికేనా?" అని.

దీనికే. దాదాపు నూట అరవై కిలోల ఇంజిన్. దాని బరువు, అది తోసే తోపు మొత్తం ఆ గోడ మీదే పడుతుంది. అంతకు ముందు నెలలోనే పిల్లలిద్దరినీ ఎక్కించుకుని, ఒడ్డు కనపడనంత దూరం వెళ్లొచ్చాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు ఇది రాస్తుంటే కూడా అరచేతులు చెమట పడుతున్నాయి.

వారం తర్వాత ఇంజిన్ దింపి, గ్రైండర్‌తో లోపలి పొర కోశాం. ఎడమవైపు పై మూల దగ్గర బ్లేడు కింద గులాబీరంగు పొడి లేచింది. ఫైబర్‌ని కోస్తే ఆ రంగు రాదు. అది కార్ల సొట్టలకి పూసే పుట్టీ. రేవు గోడకి కొట్టుకుని విరిగిన మూలని ఆ పుట్టీతో నింపేశారు. ఆ పుట్టీలో టాల్కు పొడి ఉంటుంది, నీటిని మెల్లగా పీల్చుకుంటుంది. కారు డోరు మీద అయితే ఫరవాలేదు, రోజంతా నీళ్లలో నిలబడే గోడకి అది పనికిరాదు. పుట్టీ జారిపోకుండా వెనకాల ఆనింపుగా ఒక అట్టపెట్టె ముక్క పెట్టారు. అది మెత్తగా నాని ఉంది గానీ, దాని మీద అచ్చు వేసిన బాణం గుర్తు ఇంకా కనిపిస్తోంది, "ఈ వైపు పైకి" అన్నట్టు. నా పిల్లల ప్రాణానికీ సముద్రానికీ మధ్య అడ్డం ఉన్నది ఆ అట్టముక్క. అమ్మినాయనకి అది తెలుసో తెలియదో నాకు తెలియదు. చేసిన మనిషికి మాత్రం తెలుసు. ఆ మనిషి మీద నాకు ఇవాళ్టికీ కోపం తగ్గలేదు.

ఇంకో సంగతి. ఇంజిన్ బోల్టుల కోసం వేసిన రంధ్రాల్లో సీలెంట్ చుక్క కూడా లేదు. చెక్క ఉన్న చోట రంధ్రం వెయ్యాల్సి వస్తే ముందు పెద్దదిగా తొలిచి, ఎపాక్సీ అనే గట్టి జిగురుతో నింపి, అది గట్టిపడ్డాక మధ్యలో అసలు సైజు రంధ్రం వెయ్యాలి. అప్పుడు బోల్టు పక్కనుంచి నీళ్లు దిగినా చెక్కకి తగలవు. ఒక పూట ఎక్కువ పడుతుంది, అంతే. ఆ పూట మిగుల్చుకోవడానికి ఒక గోడ మొత్తాన్ని కుళ్లబెట్టారు.

టోటల్ లాస్ అనే మాట దగ్గరికి వద్దాం. అది విని జనం అనవసరంగా బెదిరిపోతారు. ఇన్సూరెన్స్ వాళ్లకి అది కేవలం లెక్క. బాగుచెయ్యడానికయ్యే ఖర్చు బోటు విలువని దాటినా, దగ్గరికి వచ్చినా రాసేస్తారు. పాత బోటుకి విలువే తక్కువ కాబట్టి, సీట్లూ వైరింగూ ఎలక్ట్రానిక్సూ తడిస్తే చాలు, లెక్క దాటిపోతుంది. అడుగు మాత్రం రాయిలా ఉండొచ్చు. అమెరికాలో 2012లో శాండీ, 2022లో ఇయాన్ లాంటి తుఫానుల తర్వాత ఇలాంటి బోట్లు కుప్పలుగా అమ్మకానికి వచ్చాయి. వాటిలో నిజంగా మంచివి ఉన్నాయి. అందుకే కొనొద్దని నేను అనడం లేదు. రాసేసిన కాగితం మీకేమీ చెప్పదు, బోటు ఒళ్లు చెబుతుంది. ఆ ఒళ్లు కనిపించేది రంగు పడక ముందే.

ఫొటోల గురించి కూడా చెప్పాలి. అమ్మేవాళ్లు బోటుని నీళ్లు కొట్టి తడిపి, సాయంత్రం ఎండలో ఫొటో తీసి పెడతారు. కింద వందమంది "సూపర్ కండిషన్" అని రాస్తారు. ఇంజిన్ మూత తీసిన ఫొటో ఒక్కడూ అడగడు, బిల్జ్, అంటే బోటు అడుగున నీళ్లు చేరే చోటు, దాని లోపలి ఫొటో ఒక్కడూ అడగడు. చాలా బాధ వేస్తుంది చూస్తుంటే. కొనేముందు బోటుని పరీక్షించే సర్వేయర్లలోనూ మోకాళ్లకి మురికి అంటకుండా పని ముగించే వాళ్లున్నారు. నేను కొనేటప్పుడు పిలిచినాయన డెక్ మీద నాలుగు అడుగులు వేసి, ఇంజిన్ శబ్దం విని, సంతకం పెట్టి వెళ్లిపోయాడు. మంచి సర్వేయర్ అయితే నేల మీద పడుకుని, చిన్న సుత్తి పట్టుకుని అడుగంతా జానెడు జానెడు తట్టుకుంటూ పోతాడు. గట్టిగా ఉన్న చోట టక్ మని స్ఫుటంగా మోగుతుంది. పొరలు విడిపోయిన చోట, లోపల నానిన చోట డబ్ మని చచ్చిన శబ్దం వస్తుంది. ఒక్కసారి విన్న చెవి దాన్ని మర్చిపోదు. తేమ మీటర్ కూడా పెడతారు గానీ, నీళ్లలోంచి తీసిన రోజే పెడితే దాని అంకెలు నమ్మకండి. నా లెక్కలో మీటర్ కన్నా సుత్తే నిజం చెబుతుంది.

మునిగిన బోటు అయితే ఇంజిన్ విషయం వేరు. ఉప్పునీళ్లలో మునిగిన ఇంజిన్ నీళ్లలో ఉన్నంతసేపూ అంత తొందరగా పాడవదు. పైకి తీసి గాలి తగలగానే తుప్పు పరుగెత్తుతుంది. కాబట్టి ఎంతసేపు మునిగిందన్నది కాదు, తీశాక ఎన్ని గంటలకి చెయ్యి పడింది అని అడగాలి. మంచినీళ్లతో కడిగి, స్పార్క్ ప్లగ్గులు తీసి లోపలి నీళ్లు వెళ్లగొట్టి, ఆయిల్ ఒకటికి నాలుగుసార్లు మార్చి, అదే రోజు నడిపి వేడెక్కిస్తే బతుకుతుంది. రెండు వారాలు ఒడ్డున పడేసి తర్వాత కడిగితే, స్టార్ట్ అయితే అవుతుంది, కానీ బేరింగుల మీద గుంటలు పడి ఉంటాయి. నా ఇంజిన్ మొదటి తిప్పుకే అందుకుందని మురిసిపోయానన్నాను కదా. స్టార్ట్ అవ్వడం ఏ పరీక్షా కాదు. గంటసేపు లోడ్ మీద నడిపి, కంప్రెషన్, అంటే లోపలి ఒత్తిడి, అన్ని సిలిండర్లలో దగ్గరదగ్గరగా ఉందో లేదో చూడాలి.

వైర్లు ఇంకా మొండివి. ఉప్పునీళ్లు వైరు కొసలోంచి ఇన్సులేషన్ లోపలికి, దీపం వత్తిలోకి నూనె పాకినట్టు పాకిపోతాయి. పైకి ఎర్రగా కొత్తదిలా ఉంటుంది. చాకుతో గీరి చూస్తే రాగి నల్లగా, ఆకుపచ్చగా పొడైపోయి ఉంటుంది. నీళ్లలో మునిగిన వైరింగ్ మొత్తం పీకేసి, తగరం పూత ఉన్న వైరుతో కొత్తగా వేయించారా అని అడగండి. "చెడినవి మార్చాం" అన్నారంటే మార్చలేదనే అర్థం.

అన్నిటికన్నా ఎవరూ పట్టించుకోనిది ఫ్లోర్ కింద ఉండే ఫోమ్. బోటు మునగకుండా తేల్చడానికి నింపుతారు దాన్ని. ఒకసారి నీళ్లు పీల్చుకుందంటే ఏళ్లయినా వదలదు. వంద లీటర్లు పీల్చుకుంటే వంద కిలోలు ఎక్కువ మోస్తున్నట్టే, పైగా ఆ తడి దూలాలని లోపల్నుంచి తినేస్తుంది. దీన్ని పట్టుకోవడం చాలా సులువు. ట్రైలర్‌తో సహా బోటుని వేబ్రిడ్జి మీద తూచండి. ఖాళీ ట్రైలర్ బరువు, ట్యాంకులో ఉన్న ఇంధనం, ఇంజిన్ బరువు తీసేసి, తయారీదారు ఇచ్చిన బరువుతో పోల్చండి. నాది తూస్తే నూట ఎనభై కిలోలు ఎక్కువ వచ్చింది. ఇది కొనక ముందే చేసి ఉంటే అసలు కథే ఉండేది కాదు.

నేను ఆ బోటుని అమ్మలేదు. అమ్మితే ఇంకొకరి పిల్లలు ఎక్కుతారు. ఐదు నెలలు, దొరికిన ప్రతి సెలవు రోజూ, బావా నేనూ దాని మీదే ఉన్నాం. కుళ్లిన చెక్కంతా ఉలితో గీకి తీశాం. పద్దెనిమిది మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ రెండు పొరలు ఎపాక్సీతో అతికించి కొత్త గోడ కట్టాం. ఫ్లోర్ కోసి, తడి ఫోమ్ గోనెసంచుల్లో ఎత్తి పారేశాం. విరిగిన మూల చుట్టూ ఒకటికి పన్నెండు వాలుతో గీశాం, అంటే ఆరు మిల్లీమీటర్ల మందానికి చుట్టూ డెబ్బై రెండు మిల్లీమీటర్ల ఏటవాలు. పాత ఫైబర్ మీద కొత్త పొర నిలవాలంటే అంత పట్టు ఉండాలి. నున్నగా గీసి పైన అతికించిన అతుకు ఎన్నాళ్లున్నా అతుకే, ఒక రోజు ఊడి వస్తుంది. చేతులంతా ఫైబర్ దురద, ముక్కులో రెజిన్ వాసన. అయినా పని అయ్యాక ఆ బోటులో నేను చూడని అంగుళం ఒక్కటి కూడా లేదు. ఇలాంటి బోటు కొంటే దక్కే అసలు లాభం ఇదే. ధర తగ్గడం నా దృష్టిలో చాలా చిన్న విషయం. గాలి లేచి అలలు గోడలా వస్తున్నప్పుడు, వెనక గోడలో ఏముందో తెలిసి నడిపితే చేతికి వణుకు రాదు. ఆరేళ్లయింది, ఆ మూల వెంట్రుకంత కూడా చీలలేదు.

రెండేళ్ల క్రితం ఇంకో బోటు కొన్నాను. ఈసారి పక్కన తలకాయంత కన్నంతో, బాగుచెయ్యకుండా ఉన్నదే కొన్నాను. కన్నంలోంచి లోపలికి టార్చ్ వేసి చూశాను. చెక్క పొడిగా ఉంది, దూలాలు నిటారుగా ఉన్నాయి. ఇంట్లో వాళ్లు టెన్షన్ పడ్డారు గానీ, నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు.

మీ ఇరవై అడుగుల దాని సంగతి. ముందు ఇన్సూరెన్స్ ఇచ్చే వాళ్లకి ఫోన్ చెయ్యండి, బోటు చూడటానికి వెళ్లకముందే. టోటల్ లాస్ చరిత్ర ఉన్న వాటికి కొందరు అసలు ఇవ్వరు, కొందరు ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి మాత్రమే ఇస్తారు. ట్రాన్సమ్ కుడివైపు పై మూలన ఉండే హల్ నంబరుని, అంటే బోటు గుర్తింపు నంబరుని, కాగితాలతో పోల్చండి. దాని చుట్టూ గీరిన గుర్తులుంటే ఇంకేం మాట్లాడకుండా వచ్చేయండి. రిపేరుకి ముందు తీసిన ఫొటోలు, వాడిన రెజిన్ బిల్లులు అడగండి. నిజాయితీగా బాగుచేసిన మనిషి తన పని ఫొటో తీసుకోకుండా ఉండడు, అడక్కముందే చూపిస్తాడు. "ఫొటోలు లేవండీ" అన్నాడంటే మీ సగం ధర కూడా ఎక్కువే.

అన్నీ బాగున్నాయనిపిస్తే ఇంజిన్‌ని పైకెత్తి, దాని కింది భాగం పట్టుకుని కిందికీ పైకీ ఊపమని ఒకరికి చెప్పి, మీరు ట్రాన్సమ్ అంచు మీద వేళ్లు పెట్టి ఉంచండి. గోడ ఏమాత్రం కదిలినా వేళ్లకి తెలుస్తుంది. తర్వాత అమ్మేవాళ్ల అనుమతితో ఆ గోడకి కింద బిగించిన స్క్రూ ఒకటి విప్పించండి. గాడుల్లో ఏముందో చూడండి. పొడి చెక్క అంటుకుని వస్తే బేరం మొదలుపెట్టండి. నల్లటి తడి ముద్ద వస్తే ఆ స్క్రూ వాళ్ల చేతిలో పెట్టి వచ్చేయండి.