రేకు తీసి కాస్టింగ్ పెట్టేముందు

చిరంజీవి అమ్మాయికి చిన్నాయన ఆశీస్సులు.

శ్రీసిటీలో ఉద్యోగం, అందులోనూ కారు వెనక బాడీని అల్యూమినియం డై కాస్టింగ్‌లో, అంటే కరిగిన లోహాన్ని డై అనే ఉక్కు అచ్చులోకి ఒత్తిడితో తోసి ఒకే ముక్కగా పోసే పద్ధతిలో, డిజైన్ చేసే పని అంటే సంతోషమే. నువ్వు పంపిన డ్రాయింగ్ చూశాను. డిక్కీ ఫ్లోర్ కూడా కాస్టింగ్‌లోనే కలిపేశావు. అది తీసెయ్.

అల్యూమినియం అనగానే తేలిక అనుకుంటాం. లెక్క వేసి చూడు. 1 మి.మీ. స్టీలు రేకు చదరపు మీటరుకు 7.85 కిలోలు. 3 మి.మీ. అల్యూమినియం కాస్టింగ్ 8.1 కిలోలు. డబ్బు ఎక్కువ పెట్టి బరువు పెంచినట్టే కదా! వంగకుండా నిలవాలంటే అల్యూమినియం స్టీలుకు 1.44 రెట్లు మందం ఉంటే చాలు, బరువు సగానికి పడుతుంది అని నువ్వు కాలేజీలో చదివింది నిజమే. కానీ అంత సన్నటి సందులో లోహం మీటరు దూరం పారాలంటే అయ్యే పని కాదు.

కాస్టింగ్‌తో లాభం నాలుగు ముక్కలు కలిసే చోటే. బాడీ కింద దూలంలా బరువు మోసే వెనక చాసిస్ మెంబర్, షాక్ అబ్జార్బర్ కూర్చునే చోటు, సస్పెన్షన్‌ను పట్టుకునే సబ్‌ఫ్రేమ్ బోల్టులు పడే చోటు చూడు. రేకు మీద రేకు, బలానికి ఇంకో పట్టీ, ప్రతి అతుకు దగ్గరా రేకును రేకుకు అతికించడానికి మడిచిన ఒక అంచు. ఆ అంచులన్నీ పోతాయి కాబట్టే బరువు తగ్గుతుంది. టెస్లా 2020లో మోడల్ వై వెనక భాగంలో 70 దాకా ముక్కల బదులు రెండు కాస్టింగులు, తర్వాత ఒకటే పెట్టిందంటే లెక్క ఇదే. అందరూ డైని 6000 టన్నుల బలంతో మూసి పట్టే మెషిన్ గురించే మాట్లాడతారు గానీ ఈ అంచుల సంగతి ఎవరూ ఎత్తరు.

ఇంకో చిక్కుంది. రేకులతో మూసిన పెట్టెలా మెంబర్ చెయ్యొచ్చు. డైలోంచి ఊడి రావాలి కాబట్టి కాస్టింగ్ ఒకవైపు తెరిచే ఉంటుంది. తెరిచిన సెక్షన్ మెలికకు ఆగదు. ఏడుగురు, సామాను ఎక్కిన టాక్సీ తిరుమల ఘాట్ మలుపు తిరిగేటప్పుడు వెనక ఒక చక్రం మీదే ఎంత బరువు పడుతుందో ఆలోచించు. లోపల అడ్డరిబ్బులు, అంటే సన్నటి అడ్డుగోడలు, ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసేలా వెయ్యి. అయినా చాలకపోతే తెరిచిన వైపు ఒక ప్లేటు రివెట్ చేసి మూసెయ్.

ఇక అసలు విషయం. నువ్వు డ్రాయింగ్‌ను కారు ఆకారం చూసి గీశావు, లోహం పారే దారిని చూసి కాదు. డై నిండటానికి పట్టేది సెకనులో పదో వంతు, అంతే. లోహం డైలోకి దూరే గేటు దగ్గర అది వేడిగా, శుభ్రంగా ఉంటుంది. దూరం వెళ్లేకొద్దీ చల్లారుతుంది, ముందున్న గాలినీ ఆక్సైడ్ పొరనూ తోసుకుంటూ పోతుంది. చివరి కొసను విరిచి చూస్తే రెండు ధారలు కలవకుండా ఆగిన గీత కంటికే కనిపిస్తుంది. డైలోంచి గాలి లాగేసి వాక్యూమ్ పెట్టినా ఇది తగ్గుతుందే గానీ మాయం కాదు. నీ డ్రాయింగ్‌లో ఆ కొస ఎక్కడ పడిందో చూశావా? వెనకనుంచి గుద్దితే దెబ్బ మొదట తగిలే మెంబర్ చివర! డై చేసేవాళ్లతో కూర్చుని గేట్లు ఎక్కడో తేలాకే రిబ్బులు గియ్యి. సప్లయర్ ఇచ్చే టెస్ట్ రిపోర్టు గేటు దగ్గర కోసిన ముక్కదే అయ్యుండొచ్చు. కొసన కోసిన ముక్క రిపోర్టు అడుగు.

అలాయ్, అంటే మిశ్రలోహం విషయంలో బేరం వద్దు. టూవీలర్ ఇంజన్ కేసులకు వాడే ఏడీసీ12 అనే అల్యూమినియం అలాయ్‌లో ఇనుము ఎక్కువ, దెబ్బకు పెళుసుగా విరుగుతుంది. నీకు కావలసింది ఇనుము బాగా తగ్గించి, డైకి అంటుకోకుండా మాంగనీసు కలిపిన రకం. ఇంత పెద్ద ముక్కను హీట్ ట్రీట్‌మెంట్ చేస్తే వంకర పోతుంది కాబట్టి అది అక్కర్లేని అలాయ్ చూడు.

స్టీలుతో కలిపేచోట మామూలు స్పాట్ వెల్డింగ్ కుదరదు, రివెట్లే. రివెట్ దిగేటప్పుడు అడుగున ఉన్నదే ఎక్కువ సాగాలి. అందుకే కాస్టింగ్ పైన, స్టీలు కింద పెట్టు. తిరగేసి పెడితే వెనక ఉబ్బిన బొడిపె చుట్టూ పగుళ్లు వస్తాయి, గోరుతో గీస్తే తగులుతాయి. మధ్యలో అడ్హెసివ్ తప్పకుండా ఉండాలి, లేకపోతే తడి తగిలి స్టీలు ఆనిన చోట అల్యూమినియం తినుకుపోతుంది.

రిపేరు మాట మీవాళ్లెవరూ ఎత్తినట్టు లేదు. అలిపిరి చెక్‌పోస్ట్ క్యూలో ఎవడో వెనకనుంచి తగిలిస్తాడు. స్టీలు మెంబర్ అయితే టింకరింగ్ షాపులో లాగి సరిచేస్తారు. కాస్టింగ్‌ను లాగితే పగులుతుంది. అందుకని బంపర్‌కూ కాస్టింగ్‌కూ మధ్య దెబ్బకు తను నలిగిపోయే, బోల్టులు తీస్తే ఊడొచ్చే క్రాష్ బాక్స్ పెట్టు, చిన్న గుద్దుళ్లన్నీ దాంట్లోనే ఆగిపోవాలి. బోల్టులకు స్పానర్ పట్టేంత చోటు కూడా వదులు.

ఆదివారం తిరుపతి వస్తే మెంబర్ సెక్షన్ల ప్రింట్లు పెద్ద సైజులో తీసుకురా, ఫోన్‌లో నాకు సరిగ్గా కనపడటం లేదు. భోజనానికి ఉంటావో లేదో పిన్నమ్మకు ముందే చెప్పు.

నీ చిన్నాయన