కోడలి ఊరిలో భూమి కొనవచ్చునా?

ప్రశ్న: మాది నకిరేకల్ దగ్గరి పల్లె. మా అబ్బాయి ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో ఒక హోటల్ వంటశాలలో పనిచేస్తున్నాడు. రెండేళ్ల క్రితం తనతోపాటు పనిచేసే ఫ్లోరెస్ ద్వీపపు అమ్మాయిని అక్కడి చర్చిలో పెళ్లి చేసుకొన్నాడు. కోడలి ఊరు రూతెంగ్ పట్టణానికి దగ్గరలో కొండల మధ్య ఉంది. ఊళ్లో ఇల్లు కట్టుకోవడానికి కొంత జాగా ఇస్తానని వియ్యంకుడు అంటున్నాడు. అదిగాక, లాబువాన్ బాజో దగ్గర సముద్రపుటొడ్డున ఇరవై ‘ఆరే’ల భూమి అమ్మకానికి ఉందని, దాన్ని కోడలి పెదనాన్న కొడుకు పేరున రాయించుకొంటే ఏ ఇబ్బందీ ఉండదని ఒక మధ్యవర్తి చెబుతున్నాడు. ఇక్కడి రెండెకరాలు అమ్మి డబ్బు పంపమని అబ్బాయి అడుగుతున్నాడు. పంపమంటారా?
– ఒక తండ్రి, నల్గొండ జిల్లా

సమాధానం: అయ్యా, సముద్రపుటొడ్డు భూమి కోసం మీ రెండెకరాలు అమ్మకండి. మధ్యవర్తి చూపిస్తున్న దారిని ఇండోనేషియా చట్టం ఎప్పుడో మూసివేసింది. 1960 నాటి మౌలిక భూచట్టం ప్రకారం భూమిపై పూర్తి యాజమాన్య హక్కు ఆ దేశ పౌరులకు మాత్రమే ఉంటుంది. దాన్ని అక్కడ ‘హక్ మిలిక్’ అంటారు. నిజాం కాలపు దస్తావేజులు చదివినవారికి ఈ మాటలు కొత్తగా తోచవు, ఎందుకంటే రెండూ అరబ్బీ నుంచి వెళ్లినవే. విదేశీయుడికి నేరుగా గానీ చాటుగా గానీ ఆ హక్కు దక్కేటట్లు చేసే అమ్మకం చెల్లదని, ఆ భూమి ప్రభుత్వానికి దఖలు పడుతుందని, ఇచ్చిన సొమ్మును తిరిగి అడగడానికి వీలులేదని ఆ చట్టంలోని 26వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. మన అమ్రాబాద్ వైపు ఏజెన్సీ గ్రామాలలో 1/70 చట్టాన్ని తప్పించుకోవడానికి గిరిజనుల పేరున బినామీ కాగితాలు రాయించుకొన్నవారి పరిస్థితి ఎలాంటిదో, పరాయి దేశంలో మీ అబ్బాయి పరిస్థితి అంతకంటే బలహీనంగా ఉంటుంది. రేపు ఆ పెదనాన్న కొడుకు కాదంటే, లేదా అతడు చనిపోయి అతని పిల్లలు మాకేమీ తెలియదంటే, మీవాడు ఏ కోర్టు మెట్లెక్కినా తన డబ్బుతోనే కొన్నానని చెప్పిన మరుక్షణం తన కేసును తానే ఓడించుకొన్నట్లవుతుంది.

అసలు ఇరవై ఆరేలంటే ఎంతో మీకు చెప్పారో లేదో. ఒక ఆరే వంద చదరపు మీటర్లు, అంటే మన గుంటకు ఇంచుమించు సమానం. కనుక బేరం జరుగుతున్నది అర ఎకరానికి. అది ఒడ్డున ఉన్న భూమి కాబట్టి, అత్యధిక పోటు వచ్చే గీత నుంచి కనీసం వంద మీటర్ల మేర తీరరక్షణ పట్టీగా వదలాలన్న నిబంధన కూడా ఉంది. అది పోగా కట్టడానికి ఎంత మిగులుతుందో కొలిపించకుండా ఎవరూ చెప్పలేరు.

కోడలి పేరునే కొంటే సరిపోతుంది కదా అని మీకు అనిపించవచ్చు. ఇక్కడ చాలామంది పొరబడతారు. 1974 నాటి వివాహ చట్టం ప్రకారం పెళ్లి తర్వాత సంపాదించిన ఆస్తి భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి. అందులో సగం విదేశీయుడైన భర్తకు చెందుతుంది కనుక, సొంత దేశంలో భూమి కొనే హక్కు ఉన్న ఆ అమ్మాయి కూడా చిక్కులో పడుతుంది. దీనికి మార్గం ఆస్తులను వేరుచేసే వివాహ ఒప్పందం. పూర్వం దాన్ని పెళ్లికి ముందే రాసుకోవాలి. 2016లో ఇండోనేషియా రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు తర్వాత పెళ్లయినవారు కూడా నోటరీ దగ్గర రాసుకొని నమోదు చేయించుకొనే వీలు కలిగింది. ముందుగా మీవాడి చర్చి పెళ్లి అక్కడి పౌర నమోదు కార్యాలయంలో నమోదయిందో లేదో చూడమనండి. నమోదు, ఒప్పందం, ఆ తర్వాతే కొనుగోలు. ఈ వరుస తప్పకూడదు.

వియ్యంకుడు ఇస్తానంటున్న జాగా సంగతి వేరు. దానం గానీ వారసత్వం గానీ వచ్చిన ఆస్తి, వేరే ఒప్పందం లేనంతవరకు, పుచ్చుకొన్నవారి సొంతమేనని అదే చట్టం చెబుతోంది. కాబట్టి ఆయన తన కూతురికి ఇచ్చేది ఉమ్మడిలో కలవదు. దాన్ని కాదనకండి. అయితే అది ఎలాంటి భూమో తెలుసుకొని తీసుకోవాలి, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ కోడలి ప్రాంతం మంగరాయ్. అక్కడ పూర్వం ఊరి భూమిని ‘లింకో’ అనే గుండ్రటి చెక్కలుగా పంచుకొనేవారు. నడుమ ఒక గూటం పాతి, అక్కడ వేలి మందంతో ఒక్కొక్క కుటుంబం వాటా కొలిచి, ఆ గుర్తుల నుంచి అంచు దాకా గీతలు లాగేవారు. మధ్యలో వేలెడు మందం ఉన్న వాటా చివరికి వెళ్లేసరికి పెద్ద మడి అవుతుంది. రూతెంగ్‌కు పడమట చంచార్ దగ్గర గుట్ట మీద నిలబడి చూస్తే కింద వరి పొలాలు అచ్చం సాలెగూడు పరిచినట్లే కనిపిస్తాయి. ఈ పంపకం చేసే పెద్దను ‘తువా తెనో’ అని, ఊరి పెద్దను ‘తువా గోలో’ అని పిలుస్తారు. బయటివాడు ఆ ఊళ్లో నేల అడగదలిస్తే ఒక కోడిని, కల్లును పట్టుకొని పెద్ద ముందుకు రావాలి. ఆ ఆచారం పేరే ‘కాపు మానుక్, లెలే తువాక్’. మానుక్ అంటే కోడి, తువాక్ అంటే కల్లు. కోడీ కల్లూ లేకుండా పెద్దలను కదిలించలేమన్న సంగతి నల్గొండ పల్లెవారికి నేను కొత్తగా చెప్పనక్కరలేదు.

ఈ ఆచారాన్ని చిన్నచూపు చూడవద్దని మీ అబ్బాయికి చెప్పండి. వియ్యంకుడు ఒక్కడు సరేనంటే చాలదు. మంగరాయ్‌లో భూమి సాధారణంగా కొడుకులకు పోతుంది. ఆడపిల్లలను ‘బయటివారు’ అనే అర్థం వచ్చే మాటతోనే పిలుస్తారు. కూతురికి ప్రేమతో నేల ఇచ్చే సంప్రదాయం ఉన్నమాట నిజమే గానీ, అన్నదమ్ములు, ఊరి పెద్ద కూర్చొని ఒప్పుకొన్నప్పుడే అది నిలుస్తుంది. పైగా పిల్లనిచ్చినవారి ఇంట్లో శుభమైనా అశుభమైనా అల్లుడి వైపువారు తమ వంతు మోయాలి. మీరు ఇప్పుడు ఆ అల్లుడి వైపువారు. ఆ బాధ్యతను గౌరవంగా మోయగలిగితేనే ఆ జాగాలో ఇల్లు ప్రశాంతంగా నిలుస్తుంది.

పెద్దల మాట అయ్యాక కాగితం ముఖ్యం. గ్రామ కార్యాలయం ఇచ్చే స్వాధీన పత్రమో, పన్ను రసీదో చూపించి ‘ఇదే పట్టా’ అంటే నమ్మవద్దు. మన సాదా బైనామా, పహాణీ నకలు ఎంతో అదీ అంతే. జాతీయ భూమి సంస్థ జారీ చేసే ‘సర్టిఫికాత్’ ఒక్కటే గట్టి ఆధారం. దానపత్రం కూడా ప్రభుత్వం నియమించిన భూదస్తావేజు అధికారి ముందు రాయించి, ఆ సంస్థలో కోడలి పేరు ఎక్కించాలి. ఆమెకు ఏదైనా జరిగి భూమి మీ అబ్బాయికి వారసత్వంగా వస్తే, ఏడాదిలోగా దాన్ని పౌరుడికి బదిలీ చేయక తప్పదని కూడా ఇద్దరూ ఇప్పుడే తెలుసుకోవాలి.

మీవాడికి తన పేరునే ఏదైనా కావాలంటే దీర్ఘకాలపు కౌలు ఉంది. నివాస అనుమతి ఉన్న విదేశీయులకు ‘హక్ పకాయ్’ అనే వినియోగ హక్కు ఉంది. 2021 నిబంధనల ప్రకారం అది మొదట 30 ఏళ్లు, పొడిగింపు 20, పునరుద్ధరణ 30 ఏళ్లు. ఇక్కడి నుంచి మీరు డబ్బు పంపాలంటే రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక్కొక్కరికి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా వీలుంది, బ్యాంకు ద్వారానే. ఇల్లు కట్టుకొనే దశలో కొంత సాయం చేయండి, చాలు. పొలం ఉండనివ్వండి.

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులం, శాకాహారులం. ఫ్లోరెస్ కొండల్లోని వాయె రెబో గ్రామం చూడాలని ఉంది. ఎలా వెళ్లాలి?
– వనపర్తి దంపతులు

సమాధానం: భారతీయులకు అక్కడ దిగాక ఇచ్చే వీసా ఉంది. రుసుము 5 లక్షల రూపాయా, గడువు 30 రోజులు, ఒకసారి పొడిగించుకోవచ్చు. అంకె చూసి కంగారు పడకండి, అక్కడి రూపాయా విలువ చాలా చిన్నది. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. బాలిలో ఆగితే 2024 నుంచి పర్యాటకుల మీద 1,50,000 రూపాయాల రుసుము అదనం. బాలి నుంచి లాబువాన్ బాజోకు విమానం, అక్కడి నుంచి కొండదారిలో బండి. మే నుంచి సెప్టెంబరు దాకా వానలు తక్కువ. ఊళ్లలో కార్డులు పనిచేస్తాయని నమ్ముకోకుండా నగదు దగ్గర ఉంచుకోండి.

దెంగె అనే ఊరి దగ్గర బండి దారి దాదాపు అయిపోతుంది. ఆ పైన అడవిలో మూడు గంటల ఎక్కుడు. పైన శంఖువు ఆకారంలో గడ్డి కప్పిన ఇళ్లు ఏడు. వాటి పునరుద్ధరణకు 2012లో యునెస్కో ఆసియా–పసిఫిక్ పురస్కారం వచ్చింది. చేరగానే ఫొటోలు తీయడం మొదలుపెట్టకూడదు. ముందు పెద్ద ఇంట్లోకి వెళ్లి చాప మీద కూర్చొంటే, ఊరి పెద్ద తమ పూర్వీకులకు మీ రాక విన్నవిస్తాడు. ఆ నాలుగు మాటలు అయ్యేదాకా మీరు ఆ ఊరికి ఇంకా అతిథులు కారు. ఇక మామూలు పల్లెల్లో ఎవరింట్లోనైనా రాత్రి ఉంటే, 24 గంటల్లోగా ఆ వాడ పెద్దకు చెప్పాలన్న నియమం ఉంది. ఇంటివారికి గుర్తుచేయండి.

తిండికి అన్నానికి లోటు లేదు. సోయాతో చేసే తెంపే, తాహు దొరుకుతాయి. ‘కాంగ్‌కుంగ్’ అనేది మన తూటికూరే. జాగ్రత్త పడవలసింది కారపు పచ్చడి విషయంలో. ‘సంబల్’లో చాలావరకు ఎండురొయ్యల ముద్ద కలుపుతారు, దాని పేరు తెరాసి. ‘తెరాసి లేకుండా’ అనడానికి ‘తన్పా తెరాసి’ అని నేర్చుకొని వెళ్లండి. కందిపొడి, ఆవకాయ వెంట ఉంటే ఇంకా నిశ్చింత.

మోకాళ్ల నొప్పులుంటే వాయె రెబో ఎక్కుడు పెట్టుకోవద్దు. రూతెంగ్‌లో రెండు రాత్రులు ఉండి, స్వెటరు తప్పకుండా తీసుకెళ్లి, పైన చెప్పిన చంచార్ గుట్టకు పొద్దున్నే వెళ్లండి. బండి గుట్ట పాదం దాకా వెళుతుంది, పైకి కొద్దిపాటి నడకే.