కెమెరాలో పడిన బొమ్మను యంత్రం ఎలా అర్థం చేసుకుంటుంది?

ఎదురుగా ఉన్నది బల్లో మనిషో రోబోకు ఎలా తెలుస్తుంది, మనలాగే చూస్తుందా అని అడిగారు. మనలా చూడదండి. దానికి అందేవి అంకెలే. బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నాయో 0 నుంచి 255 దాకా అంకె వేసుకుంటుంది. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో ఆ గళ్లు 20 లక్షల పైమాటే.

నేను మండపేట దగ్గర రైస్ మిల్లులో సార్టెక్స్ మిషన్, అంటే రంగు చూసి చెడ్డ గింజలు ఏరేసే మిషన్ చూసుకుంటాను కాబట్టి అక్కడిది చెబుతాను. బియ్యం ఏటవాలు రేకుల మీద జారి, లైట్ల మధ్య నుంచి కిందికి పడతాయి. ముందూ వెనకా ఉన్న కెమెరాలు పడుతున్న గింజను గీత గీతగా ఫొటో తీస్తాయి. మంచి గింజకు అంకె ఇంత ఉండాలని మేం హద్దు పెడతాం. నల్లమచ్చ ఉన్నచోట అంకె ఆ హద్దు దిగిపోతుంది. గింజ గాలి గొట్టం ముందుకు రావడానికి ఎంతసేపు పడుతుందో మిషన్‌కు ముందే తెలుసు. సరిగ్గా ఆ క్షణానికి ఫట్‌మని గాలి కొట్టి పక్కకు తోసేస్తుంది. అలా తోసేసిన రిజెక్షన్‌ను గుప్పెట్లోకి తీసుకుని చూస్తే నల్లవాటితో పాటు మంచి గింజలూ కనిపిస్తాయి. పక్కన పడుతున్న వాటికీ ఆ గాలి తగులుతుంది మరి. అందుకే దాన్ని మళ్లీ మిషన్‌లో పోస్తాం.

అద్దం మీద తవుడు దుమ్ము పేరిందంటే అంకెలన్నీ మారిపోతాయి. బియ్యం పాడయ్యాయో అద్దం మురికైందో మిషన్‌కు తెలియదు. పచ్చి బియ్యం ఆపి, కేరళకు పోయే ఉప్పుడు బియ్యం పోసినా అంతే, సెట్టింగ్ మొత్తం మార్చాలి. నన్నడిగితే ఖరీదైన కెమెరా కంటే నిలకడైన వెలుతురు ముఖ్యం.

మనిషి ముఖానికి మాత్రం ఇలాంటి హద్దు గీయలేం. పక్కకు తిరిగితే ఒకలా, టోపీ పెడితే ఇంకోలా ఉంటుంది. అందుకే అక్కడ నియమం చెప్పకుండా ఉదాహరణలు చూపిస్తారు. పేర్లు రాసిపెట్టిన లక్షల ఫొటోలు చూపిస్తూ, జవాబు తప్పినప్పుడల్లా లోపలి లెక్కను కొంచెం సవరిస్తారు. అలా పొర మీద పొరగా మొదట అంచులు, అంటే పక్కపక్క గళ్ల అంకెల్లో తేడా ఎక్కువున్న చోట్లు, తర్వాత వంపులు, ఆపైన కన్ను, చక్రం లాంటి భాగాలు పట్టుకోవడం దానికి అలవాటవుతుంది. ఈ పొరల పద్ధతిని జపాన్‌లో ఫుకుషిమా అనే శాస్త్రవేత్త 1980లోనే చూపించారు. 2012లో ఫొటోలో ఏముందో గుర్తుపట్టే ఇమేజ్‌నెట్ పోటీలో, ఇలాంటి పొరలున్న అలెక్స్‌నెట్ అనే ప్రోగ్రామ్ గెలిచాక అందరూ ఈ దారి పట్టారు.

దూరం కోసమైతే రెండు కెమెరాలు పక్కపక్కన పెడతారు. ఒకే వస్తువు రెండు బొమ్మల్లో ఎంత జరిగి కనిపిస్తే అంత దగ్గరగా ఉన్నట్టు.

నేర్చుకోవాలనుంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష, బొమ్మల పనికి వాడే ఓపెన్‌సీవీ సాఫ్ట్‌వేర్ రెండూ ఉచితమే. తెల్లకాగితాన్ని సగం ఎండలో, సగం నీడలో ఉంచి ఒక ఫొటో తీసి అంకెలు చూడండి. మన కంటికి అంతా తెలుపే, నీడ పడిన సగంలో మాత్రం అంకెలు బాగా తక్కువుంటాయి.