మీ ఇంగ్లీష్ క్లబ్బు నాలుగో వారానికే ఎందుకు ఆగింది?

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. బీకామ్ రెండో ఏడాది చదువుతున్నాను. పాఠం అర్థమవుతుంది, పరీక్ష రాయగలను, కానీ ఇంగ్లీష్‌లో నాలుగు ముక్కలు వరసగా మాట్లాడలేను. నాలాంటి 14 మందిమి కలిసి ఆదివారాలు గంటసేపు ఇంగ్లీష్ క్లబ్బు పెట్టుకున్నాం. ఒకరి తర్వాత ఒకరం లేచి మాట్లాడాలి, తెలుగు మాట్లాడితే 5 రూపాయల జరిమానా. నాలుగో వారానికి అయిదుగురం మిగిలాం. మళ్ళీ మొదలుపెట్టమంటారా, భీమవరం వెళ్ళి కోచింగ్‌లో చేరమంటారా?

జవాబు: మళ్ళీ మొదలుపెట్టండి. అయితే ముందు ఒక లెక్క చూడండి. గంటలో 14 మంది. లేచి రావడం, సర్దుకోవడం, చప్పట్లు, మధ్యలో నవ్వులు పోను మనిషికి మిగిలేది మూడు నిమిషాలు. మిగతా 57 నిమిషాలూ కూర్చుని వినడమే. వినడానికైతే ఇంట్లో ఫోనుంది. దానికోసం ఎండలో సైకిలు తొక్కుకుంటూ ఎవరూ రారు. మీ వాళ్ళకు శ్రద్ధ లేక మానేశారనుకోకండి, వచ్చినా నోరు తిరగడం లేదని వాళ్ళకి తెలిసిపోయింది.

కోచింగ్‌కీ ఇదే లెక్క. ఫీజు కట్టేముందు బ్యాచ్‌లో ఎంతమంది ఉంటారో, క్లాసులో ఒక్కొక్కరు ఎన్ని నిమిషాలు మాట్లాడతారో అడగండి. 40 మంది బ్యాచ్ అయితే అక్కడ మాట్లాడేది మాస్టారు ఒక్కరే. చించినాడ వంతెన దాటి, పాలకొల్లు మీదుగా భీమవరం వెళ్ళి రావడానికి పట్టే సమయంలో ఇక్కడ రెండు సమావేశాలు జరుపుకోవచ్చు.

జరిమానా వెంటనే తీసేయండి. దానివల్ల తెలుగు తగ్గదు, మాటే తగ్గుతుంది. ఇంగ్లీష్ బాగా రానివాళ్ళు డబ్బు పోతుందని నోరు మూసుకుంటారు, వచ్చినవాళ్ళే మాట్లాడతారు. మాట దొరక్కపోతే ఆ ఒక్క మాటా తెలుగులోనే అనేసి వాక్యం పూర్తి చేయాలని నియమం పెట్టుకోండి. ఆ తెలుగు మాటను బోర్డు మూల రాసి, చివర్లో ఇంగ్లీష్ మాట వెతుక్కుంటే సరి.

ఇక సమావేశం ఎలా నడపాలో చూద్దాం. 8 నుంచి 12 మంది చాలు, సరి సంఖ్య అయితే మంచిది. 12 మంది ఉన్నారనుకోండి. ఆరుగురు ఒక వరస, ఆరుగురు ఇంకో వరస, ఎదురెదురుగా కూర్చోండి. చాపల మీదైనా ఫర్వాలేదు. మొదటి వరసలోవాళ్ళు ఒక విషయం మీద ఎదుటివారికి 4 నిమిషాలు చెబుతారు. రెండో వరస వింటుంది, అడ్డు రాదు. టైం అవగానే రెండో వరసలో ప్రతివారూ ఒక స్థానం పక్కకి జరుగుతారు, చివరివారు మొదటికి వస్తారు. ఇప్పుడు కొత్త మనిషికి అదే విషయం 3 నిమిషాల్లో చెప్పాలి. మళ్ళీ జరిగాక 2 నిమిషాల్లో. తర్వాత వరసలు తారుమారు: విన్నవాళ్ళు చెబుతారు.

సమయం తగ్గించడానికి కారణం ఉంది. మొదటిసారి సగం సమయం మాటలు వెతుక్కోవడానికే పోతుంది. మూడోసారికి మాటలు సిద్ధంగా ఉంటాయి, నోరు సాగుతుంది. వినేవాళ్ళు మారుతున్నారు కాబట్టి చెప్పిందే చెప్పడానికి సిగ్గుండదు. "ఇది అయిపోయిందిగా, ఇంకో టాపిక్ ఇవ్వండి" అని రెండో రౌండులో ఎవరో ఒకరు అంటారు. ఇవ్వకండి, మార్చారంటే ఫలితం పోతుంది. ఆరుగురు ఒక్కసారే మాట్లాడుతుంటే గది సంతలా ఉంటుంది. ఉండనివ్వండి, ఆ గోలే సిగ్గరులకు చాటు. ఈ పద్ధతిలో జరగడానికి పట్టే సమయం కలుపుకొని 22 నిమిషాల్లో ప్రతి ఒక్కరూ 9 నిమిషాలు మాట్లాడతారు. మీ పాత పద్ధతిలో ఇంత మాట్లాడాలంటే మూడు ఆదివారాలు పట్టేది. ఒకరు రాక బేసి సంఖ్య అయితే, మిగిలినవారు ఆ రౌండులో టైం చూస్తారు.

విషయాలు ఎంచుకోవడంలోనే చాలా క్లబ్బులు తడబడతాయి. గ్లోబల్ వార్మింగ్, మహిళా సాధికారత అంటూ మొదలుపెడితే చెప్పడానికి మాటా ఉండదు, విషయమూ ఉండదు. మొదటి ఆరు వారాలు ఊళ్ళో కళ్ళెదుట ఉన్నవే తీసుకోండి: కొబ్బరి దింపు ఎలా తీస్తారు, సార్వాకీ (ఖరీఫ్ వరి) దాళ్వాకీ (రబీ వరి) తేడా ఏమిటి, ఆత్రేయపురం పూతరేకు అంత పల్చగా ఎలా వస్తుంది, నరసాపురం లేసు ఎలా అల్లుతారు. వినేవారిని ఢిల్లీ నుంచి వచ్చిన మనిషిగా అనుకుని చెప్పాలి. అప్పుడు "రొయ్య 30 కౌంటు" అని ఊరుకుంటే కుదరదు. కిలోకి 30 రొయ్యలు తూగితే 30 కౌంటు అనీ, కౌంటు అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నదనీ, ధర తగ్గుతుందనీ విడమరచాలి. 'ది హయ్యర్ ది కౌంట్, ది స్మాలర్ ది ప్రాన్' అన్న వాక్యం నోట్లో తిరగడానికే మూడు రౌండ్లు పడుతుంది. కామర్స్ చదివేవారికి ఇంటర్వ్యూలో పనికొచ్చే వివరణ సరిగ్గా ఇలాంటిదే.

అంకెలకు ఒక వారం పూర్తిగా ఇవ్వండి, ఇంటర్వ్యూల్లో అందరూ తడబడేది అక్కడే. వరదల రోజుల్లో ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర, రెండోది 13.75, మూడోది 17.75. వీటిని 'ఎలెవెన్ పాయింట్ సెవెన్ ఫైవ్' అని చదవాలి, 'సెవెంటీ ఫైవ్' అనకూడదు. మొదటి హెచ్చరికకు ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులు. విదేశీ కంపెనీ మనిషికి లక్షలు అర్థం కావు, 'వన్ మిలియన్' అనాలి. పంట ధరలు, బ్యాంకు వడ్డీలు, బస్సు టైములు కూడా ఇలాగే గట్టిగా చదివించండి.

మొత్తం సమావేశం 75 నిమిషాలు దాటనివ్వకండి. హాజరుతో పాటు తలా ఒక చిన్న ప్రశ్నకు 5 నిమిషాలు, ఇద్దరేసి చొప్పున పేపరులోంచి ఒక పేరా పైకి చదవడానికి 10, ఎదురెదురు వరసలకు 22, ఒక్క నిమిషం ఆగకుండా మాట్లాడే 'జామ్'కి 15, తప్పులు దిద్దుకోవడానికి 15. మిగిలినవి వచ్చేవారం ఎవరి పని ఏమిటో చెప్పుకోవడానికి. క్యాంపస్ ఇంటర్వ్యూల్లో కొన్ని కంపెనీలు జామ్ పెడతాయి కాబట్టి దాన్ని వదలకండి. అయితే వారానికి నలుగురికి మించి వద్దు, లేకపోతే మళ్ళీ పాత స్టేజీ పద్ధతే అవుతుంది.

తప్పుల సంగతి. మధ్యలో ఆపి దిద్దకూడదు. ఒకరు తప్పుల పుస్తకం పట్టుకుని వరసల వెనక తిరుగుతూ వాక్యాలు రాసుకోవాలి, ఎవరన్నారో రాయకూడదు. చివర్లో అయిదే అయిదు వాక్యాలు బోర్డు మీద పెట్టి అందరూ కలిసి సరిచేయాలి. ఇరవై పెడితే ఒక్కటీ గుర్తుండదు.

అక్కడ మీకు మళ్ళీ మళ్ళీ కనబడేవి కొన్ని ముందే చెబుతాను, ఎందుకంటే అవి మన తెలుగులోంచి వచ్చేవి. 'డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్' అంటారు. తెలుగులో "లేస్తాను" రోజూ చేసే పనికీ, రేపు చేయబోయే పనికీ ఒకటే కాబట్టి 'విల్' వచ్చి పడుతుంది. రోజూ చేసే పనికి 'ఐ గెట్ అప్' చాలు. "రెండేళ్ళ నుంచి చదువుతున్నాను" అన్నది 'ఐ యామ్ స్టడీయింగ్ ఫ్రమ్ టూ ఇయర్స్' అయిపోతుంది. 'ఐ హావ్ బీన్ స్టడీయింగ్ ఫర్ టూ ఇయర్స్' అనాలి. 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్'లో 'హావింగ్' అక్కర్లేదు, 'ఐ హావ్' అంటే సరిపోతుంది. 'మైసెల్ఫ్ ఫలానా' అని పరిచయం మొదలుపెట్టే అలవాటు మొదటి వారమే మానిపించండి.

ఉచ్చారణకు వారానికి ఒక్క ధ్వని చాలు. 'రైస్' అంటే బియ్యం, 'రైజ్' అంటే పెరగడం. రెండోదాని చివర ఉన్నది మన "జ" కాదు. గొంతు మీద రెండు వేళ్ళు పెట్టి "స్స్స్" అనండి, గొంతు అదరదు. నాలుక కదపకుండా అక్కడే ఉంచి గొంతు మోగించండి, వేళ్ళకు అదురు తెలుస్తుంది. అదీ ఆ ధ్వని. 'ది ప్రైస్ ఆఫ్ రైస్ మే రైజ్' అని పదిసార్లు అనిపించండి. ఇంకో వారం 'బస్', 'బుక్' చివర మనం చేర్చే "ఉ" తీసేయడం.

"మాలో ఎవరికీ సరిగ్గా రాదు, తప్పో ఒప్పో ఎవరు చెప్పాలి?" అనే సందేహం వస్తుంది. ఉచ్చారణ అయితే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ లెర్నర్స్ డిక్షనరీలు నెట్‌లో ఉచితంగా ఉన్నాయి, మాట నొక్కితే వినిపిస్తాయి. తేలని వాక్యాలను ఒక పేజీలో పోగుచేసి నెలకోసారి కాలేజీ ఇంగ్లీష్ లెక్చరర్‌కి చూపించండి. ప్రతి వారం రమ్మంటే మొహమాటానికి రెండుసార్లు వచ్చి మానేస్తారు, ఒక్క పేజీ చూడమంటే ఎవరూ కాదనరు. ఫోన్‌లో వాయిస్ టైపింగ్ ఇంగ్లీష్‌కి పెట్టి మాట్లాడి, అది ఏం రాసిందో చూసుకోవచ్చు. 'రైజ్' అంటే 'రైస్' అని పడిందంటే పని మిగిలే ఉన్నట్టు. వ్యాకరణానికి మాత్రం దాన్ని నమ్మకండి.

పనులు వారం వారం చేతులు మారాలి: నడిపేవారు ఒకరు, టైం చూసేవారు ఒకరు, తప్పులు రాసేవారు ఒకరు. 1924లో అమెరికాలోని శాంటా ఆనాలో మొదలైన, సభలో మాట్లాడడం నేర్చుకునే టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బుల్లో ఇలాంటి పనులన్నీ సభ్యులే మార్చుకుంటూ చేస్తారు. ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గుర్తులతో టైం చూపించడం కూడా వాళ్ళ పద్ధతే, మీరు మూడు రంగుల అట్టముక్కలతో కానివ్వచ్చు. వాళ్ళ పేరు మీదే అధికారికంగా క్లబ్బు పెట్టాలంటే కనీసం 20 మంది సభ్యులు కావాలి, చందా డాలర్లలో ఉంటుంది. ఇప్పుడు మీకు ఆ అవసరం లేదు. మార్కర్లకు, జిరాక్సులకు మనిషికి నెలకు 20 రూపాయలు సరిపోతాయి.

చోటు విషయంలో రచ్చబండ, టీకొట్టు పరిసరాలు వద్దు. "ఏం దొరగారూ, ఇంగ్లీషా?" అని ఒక్కరు అంటే చాలు, మర్నాడు ముగ్గురు రారు. హెడ్మాస్టరు గారికి కాగితం రాసిచ్చి బడిలో ఒక గది అడగండి, లేదా గ్రంథాలయం. ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరేలా సాయంత్రం అయిదున్నరకు ముగించాలి. మొదటిరోజు తల్లిదండ్రులను పిలిచి పావుగంట కూర్చోబెడితే తర్వాత ఇంట్లో అడ్డు చెప్పడం తగ్గుతుంది.

ఏడాది పొడవునా నడపాలనుకోకండి. 12 వారాలకో విడత చాలు. జులై, ఆగస్టుల్లో లంక గ్రామాలవాళ్ళు గోదావరి దాటి రాలేకపోవచ్చు, సంక్రాంతి వారం ఎవరూ రారు, సెమిస్టర్ పరీక్షలు ఎలాగూ ఉంటాయి. ఆగస్టు చివర ఒక విడత, జనవరి చివర ఇంకోటి మొదలుపెట్టండి. మధ్యలో వాట్సాప్ గ్రూపు ఉంటే అందులో 60 సెకన్ల వాయిస్ మెసేజ్‌లు తప్ప ఏదీ రాకూడదు. ఒక్క గుడ్‌మార్నింగ్ బొమ్మను వదిలేశారంటే వారంలో అది పెళ్ళి శుభలేఖల గ్రూపవుతుంది.

మీలో బాగా మాట్లాడేవారు ఒకరు ఉంటారు, సభ అంతా వారి చేతుల్లోకి పోతుంది. వారిని తిట్టకండి, తప్పుల పుస్తకం చేతికివ్వండి. అలాగే తాళంచెవి, పుస్తకం, బోర్డు ముగ్గురి దగ్గర ఉంచండి. అన్నీ ఒకరి దగ్గరే ఉండి, వాళ్ళు ఉద్యోగానికి హైదరాబాద్ వెళ్ళిపోతే క్లబ్బు కూడా వాళ్ళతోనే వెళ్ళిపోతుంది.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి. బ్యాంకు క్లర్కు ఎంపికలో ఇంటర్వ్యూ ఉండదు, అక్కడ ఇంగ్లీష్ మార్కులు రాతపరీక్షవే. క్లబ్బు వల్ల అవి పెద్దగా పెరగవు, ఆ ప్రిపరేషన్ వేరే చేసుకోవాలి. పీవో (బ్యాంకు ప్రొబేషనరీ ఆఫీసర్) ఉద్యోగానికీ, ప్రైవేటు కంపెనీల ఉద్యోగాలకూ ఇంటర్వ్యూ ఉంటుంది, క్లబ్బు అక్కడ పనికొస్తుంది. రెజ్యూమెలో 'గుడ్ కమ్యూనికేషన్ స్కిల్స్' అని రాసే బదులు, ఎంతమందితో ఎన్ని సమావేశాలు నడిపారో రాయండి. దాని గురించి తప్పకుండా అడుగుతారు, అప్పుడు చెప్పడానికి మీ దగ్గర విషయం ఉంటుంది.

వచ్చే ఆదివారం ఆ అయిదుగురితోనే కూర్చోండి, ఇంకో ముగ్గురిని పిలవండి. మొదట ఒక్కొక్కరూ ఎవరి ఫోన్‌లో వారు 'మై విలేజ్' మీద ఒక నిమిషం రికార్డు చేసుకుని దాచుకోండి, గ్రూపులో పెట్టొద్దు. పన్నెండో వారం అదే విషయం మళ్ళీ రికార్డు చేసి, రెండింటిలో ఎన్ని మాటలు పడ్డాయో, ఎన్నిసార్లు ఆగారో లెక్కపెట్టుకోండి. హాజరు పుస్తకంలో పేరు పక్కన సంతకంతో పాటు ఇంకో గడి గీయండి: ఈరోజు మాట్లాడిన నిమిషాలు. ఎవరి గడిలోనైనా వరసగా రెండు వారాలు 8 కంటే తక్కువ పడితే ఆ వారం సమావేశం నడిపే పని వారికివ్వండి.