టెక్ సందేహాలు: బయట కొన్న ఆయిల్ ఫిల్టర్ వేస్తే ఇంజిన్ వారంటీ పోతుందా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. కారు ఇంకా వారంటీలోనే ఉంది. ఆయిల్, ఫిల్టర్ నేనే ఇంటి దగ్గర మార్చుకుంటాను. ఫిల్టర్ స్పేర్ పార్ట్స్ షాపులో కొన్నదే. ఈమధ్య ఇంజిన్‌లో టకటకమని శబ్దం వస్తుంటే డీలర్‌కి చూపించాను. ‘ఇది మా కంపెనీ ఫిల్టర్ కాదు, వారంటీ వర్తించదు’ అన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. వాళ్లు చెప్పింది నిజమేనా?

జవాబు: కాదు. ఆ ఒక్క కారణం చూపించి వారంటీ ఇవ్వమనడం కుదరదు. అమెరికాలో 1975లో వచ్చిన మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఉంది. మా బ్రాండ్ పార్టే వాడాలి, మా దగ్గరే సర్వీసు చేయించాలి అని వారంటీకి షరతు పెట్టడాన్ని ఆ చట్టం ఒప్పుకోదు. కంపెనీ ఆ పార్టును ఉచితంగా ఇస్తుంటేనో, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వినియోగదారుల హక్కులు కాపాడే అమెరికా ప్రభుత్వ సంస్థ) దగ్గర ప్రత్యేక అనుమతి తెచ్చుకుంటేనో తప్ప. 2022లో హార్లీ-డేవిడ్‌సన్ కంపెనీపై ఆ కమిషన్ ఇదే విషయంలో చర్య తీసుకుంది. బయటి పార్టులు వాడినా వారంటీ రద్దు కాదన్న మాటను వారంటీ పత్రంలోనే రాయించింది.

అలాగని ఏ ఫిల్టర్ బిగించినా పర్లేదని కాదు. ఫిల్టర్‌లో లోపం వల్లో, సరిగ్గా బిగించకపోవడం వల్లో ఇంజిన్ పాడైతే ఆ నష్టానికి కంపెనీ డబ్బు పెట్టదు. అయితే పాడవడానికి కారణం ఫిల్టరేనని చూపించాల్సింది వాళ్లు. అప్పుడు కూడా పోయేది ఆ రిపేరుకి వారంటీ మాత్రమే. ఏసీకో, గేర్‌బాక్స్‌కో ఉన్న వారంటీకి దీనితో సంబంధం లేదు.

ఫిల్టర్ వల్ల ఇంజిన్ నిజంగా పాడవుతుందా అంటే, అవుతుంది. డబ్బా లోపల మడతలు పెట్టిన కాగితంతో పాటు రెండు చిన్న వాల్వులు ఉంటాయి (కొన్ని బండ్లలో ఇవి ఇంజిన్ వైపే ఉంటాయి). కాగితం మూసుకుపోయినప్పుడు ఆయిల్‌ని పక్కదారిన ఇంజిన్‌కి పంపేది ఒకటి. బండి ఆపాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి జారిపోకుండా ఆపేది రెండోది. ఈ రెండోది నాసిరకమైతే పొద్దున స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో ఇంజిన్ ఆయిల్ లేకుండా తిరుగుతుంది. మీరు విన్న టకటక అప్పుడే వచ్చి ఆగిపోతోందా, ఎప్పుడూ వస్తోందా అన్నది డీలర్‌కి తప్పకుండా చెప్పండి.

సొంతంగా మార్చుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇంకోచోట. పాత ఫిల్టర్ విప్పేటప్పుడు దాని రబ్బరు రింగు ఒక్కోసారి ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. చూసుకోకుండా దానిమీదే కొత్త ఫిల్టర్ బిగిస్తే రెండు రింగులు ఒకదానిమీద ఒకటి పడతాయి. కాసేపు బాగానే ఉంటుంది. ఒత్తిడి పెరిగాక పై రింగు పక్కకి జారి ఆయిలంతా రోడ్డుపాలవుతుంది. ఆయిల్ లైటు వెలిగినా బండి ఆపకపోతే ఇంజిన్ పట్టేస్తుంది. కాబట్టి విప్పిన ఫిల్టర్‌కి రింగు ఉందో లేదో చూడండి. ఇంజిన్ మీద గుడ్డతో తుడవండి. కొత్త రింగుకి కాస్త ఆయిల్ రాసి, ఫిల్టర్ మీద రాసినంత మేరకే చేత్తో బిగించండి.

ఇప్పుడు చేయాల్సిన పని: వారంటీ ఎందుకు ఇవ్వడం లేదో కాగితం మీద రాసి ఇమ్మనండి. నోటిమాట ఒప్పుకోవద్దు. ఫిల్టర్‌లో ఏ లోపం కనిపించింది, దానివల్ల ఏ భాగం పాడైందని అడగండి. ఆ ఫిల్టర్‌ని పారేయనివ్వకండి. మీవైపు ఆయిల్, ఫిల్టర్ బిల్లులు, మార్చిన తేదీలు, అప్పటి మైలేజీ సిద్ధంగా పెట్టుకోండి. ఇంట్లో మార్చుకోవడం తప్పు కాదు, రుజువు లేకపోవడమే అసలు ఇబ్బంది. మాన్యువల్ చెప్పిన గ్రేడ్ ఆయిల్ కాకుండా వేరేది పోసినా, ఆయిల్ మార్చాల్సిన గడువు దాటించినా అది వేరే గొడవ, అందులో కంపెనీదే పైచేయి. డీలర్ మొండికేస్తే కంపెనీ కస్టమర్ కేర్‌కి, తర్వాత రాష్ట్ర అటార్నీ జనరల్‌కి, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కి ఫిర్యాదు చేయండి. ఈ చట్టం కింద కేసు గెలిస్తే లాయరు ఫీజు కూడా కంపెనీతో కట్టించమని కోర్టును కోరవచ్చు.

ప్రశ్న: విజయవాడలో మా మెకానిక్ దగ్గర ఫిల్టర్ వేయిస్తే మన దగ్గరా ఇదే రూలా?

జవాబు: అంత సూటిగా లేదు. 2014లో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్లో పోటీ సక్రమంగా ఉండేలా చూసే మన దేశ సంస్థ) 14 కార్ల కంపెనీలకు దాదాపు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. బయట రిపేరు చేయించారని మొత్తం వారంటీ రద్దు చేయొద్దని, ఆ రిపేరు వల్ల జరిగిన నష్టం వరకే చూడాలని చెప్పింది. కంపెనీలు కోర్టులకెక్కాయి. అందుకే నా సలహా: వారంటీ ఉన్నన్నాళ్లూ బుక్‌లెట్‌లో ఉన్న సర్వీసులు షోరూమ్‌లోనే చేయించండి. ఫ్రీ సర్వీస్ అన్నా ఆయిల్‌కీ, ఫిల్టర్‌కీ డబ్బులు తీసుకుంటారు కాబట్టి బిల్లులో పార్ట్ నంబర్ ఉందో లేదో చూసుకోండి. వారంటీ అయిపోయాక మీ మెకానిక్ దగ్గరికే వెళ్లండి, కానీ కంపెనీ పేరుతో నకిలీ ఫిల్టర్లు బాగా తిరుగుతున్నాయి, బిల్లు లేకుండా కొనకండి. అన్యాయంగా క్లెయిమ్ తిరస్కరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి.