పినోకియోని పదహారేళ్ల వాళ్లకు చెప్పబోతున్న తమ్ముడికి

తమ్ముడూ,

కొయ్యబొమ్మ పిల్లాడు పినోకియో కథని కామిక్‌గా మలుస్తూ నువ్వు రాసిన స్క్రిప్ట్ ఆసాంతం చదివాను. సంభాషణ మీద నీకు మంచి పట్టుంది, కాబట్టి నచ్చని విషయం దాచకుండా చెప్తాను. చదివేది టీనేజ్ పిల్లలు కదా అని కథలోకి తుపాకులు, డ్రగ్స్, రెండు హత్యలు తెచ్చిపెట్టావు. అవన్నీ తీసెయ్. ఆ కథలో చీకటి మొదటినుంచే ఉంది, పైనుంచి పులమక్కర్లేదు.

నువ్వు ఇటలీ రచయిత కొల్లోది రాసిన అసలు పుస్తకం చదవకుండా డిస్నీ సినిమా గుర్తు పెట్టుకుని రాశావని నా అనుమానం. నీ కథలో కీచురాయి మొదటి పేజీ నుంచి చివరిదాకా హీరో పక్కనే ఉండి మంచి మాటలు చెప్తుంది. పుస్తకంలో నాలుగో అధ్యాయంలోనే, మంచి మాటలు చెప్పినందుకే, పినోకియో చెక్కసుత్తి విసిరి దాన్ని చంపేస్తాడు, ఆ తర్వాత అది దెయ్యంగా తిరిగొస్తుంది. 1881లో ఇటలీలో పిల్లల పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు పదిహేనో అధ్యాయంలో వాణ్ణి చెట్టుకు ఉరితీసి కథ ముగించేశాడు రచయిత. పాఠకులు ఊరుకోకపోతే మళ్లీ కొనసాగించాడు, 1883లో పుస్తకం అయింది. ముక్కు సంగతి కూడా చూడు, అది మొదటిసారి పెరిగేది అబద్ధం ఆడినందుకు కాదు, బొమ్మని తయారుచేసే ముసలాయన జెపెట్టో చెక్కుతుండగానే, ఎంత కోసినా ఆగకుండా, ఊరికే పెరుగుతుంది. తన ఒళ్లు తన మాట వినకపోవడం అంటే ఏమిటో పదహారేళ్ల వాళ్లకు మనం వివరించి చెప్పాలా?

మూలంలో అలాంటి చోట్లు వెతుక్కో. నాకు అన్నిటికంటే ఇష్టమైనది 32వ అధ్యాయం. బడి, పుస్తకాలు లేని ఆటల దేశంలో ఐదు నెలలు గడిపాక ఒక పొద్దున పినోకియో లేచి తల తడుముకుంటే గాడిద చెవులు. సిగ్గుతో పెద్ద నూలు టోపీ కిందికంటా లాక్కుని స్నేహితుడు లుచిన్యోలో దగ్గరికి వెళ్తే వాడూ అలాంటి టోపీలోనే ఉంటాడు. డాక్టరు పెట్టుకోమన్నాడంటాడు ఒకడు, మోకాలికి దెబ్బ తగిలిందట. నాకూ అంతే, పాదం గీరుకుపోయింది అంటాడు రెండోవాడు. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ చెప్పరు. చివరికి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి ఒకేసారి టోపీలు తీస్తారు, ఒకరి చెవులు ఒకరు చూసుకుని పడీపడీ నవ్వుతారు, నవ్వుతూ నవ్వుతూనే నిలబడలేక నాలుగు కాళ్ల మీదకి వంగిపోయి గాడిదలైపోతారు, ఏడుద్దామంటే ఓండ్ర వస్తుంది.

దీన్ని నువ్వు ఒకే పేజీలో, అదీ కథకుడి వ్యాఖ్యానంతో తేల్చేశావు! కనీసం నాలుగు పేజీలు ఇవ్వు. 'రెండు' అనే మాట కుడిచేతి పేజీ చివరి ప్యానెల్లో, అంటే చివరి బొమ్మ గడిలో ఉండాలి, పేజీ తిప్పితేనే చెవులు కనపడాలి. పేజీ తిప్పడం పాఠకుడి చేతిలో పని, ఆ క్షణం ఆగేదీ ముందుకెళ్లేదీ వాడే, సినిమాకి లేని సౌకర్యం అది. నవ్వుని బెలూన్లో, అంటే మాటల బుడగలో పెట్టు, తర్వాతి ప్యానెల్లో అదే బెలూన్, అదే 'హ', కానీ అక్షరాల ఆకారం మారుతూ పోవాలి. 'వాళ్లకి భయం వేసింది' అని ఎక్కడా రాయకు. బొమ్మ చెప్పేసిన మాటని కింద మళ్లీ రాస్తే రెండూ చచ్చిపోతాయి.

ఇంకో చిన్న విషయం, తెలుగు అక్షరానికి పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి వరసల మధ్య జాగా ఎక్కువ కావాలి. బెలూన్లు గీశాక మాటలు ఇరికించొద్దు, పేజీల చిన్న చిత్తు బొమ్మలు గీసుకునే థంబ్‌నెయిల్ దశలోనే మాటలు రాసి చూసుకో, పట్టకపోతే డైలాగ్ కొట్టెయ్.

హక్కుల గురించి టెన్షన్ పడ్డావు. కొల్లోది 1890లో చనిపోయాడు, ఆయన కథ ఎవరైనా వాడుకోవచ్చు. 1940 నాటి డిస్నీ సినిమా రూపాలు మాత్రం వేరే సంగతి, ఆ తెల్ల గ్లవ్స్, ఈక పెట్టిన పసుపు టోపీ నీ బొమ్మల్లో కనపడకూడదు. కొత్త అనువాదాల్లోంచి వాక్యాలూ ఎత్తుకోకు.

ముగింపు దగ్గర నీతో నాకు పేచీ ఉంది. వాడు మనిషి పిల్లాడైపోయాడు, అందరూ సంతోషం, అయిపోయింది అన్నావు. పుస్తకంలో దానికి కాస్త ముందు, ఒక పశువులపాకలో చచ్చిపోతున్న గాడిదని పినోకియో నువ్వెవరని గాడిద భాషలోనే అడిగితే, అది తన పేరు చెప్పి ప్రాణం వదిలేస్తుంది. లుచిన్యోలో. ఇద్దరూ చేసింది ఒకే తప్పు, ఒకడికి మళ్లీ అవకాశం దొరికింది, ఇంకొకడికి లేదు. ఆ వయసులో స్నేహితుణ్ణి పోగొట్టుకున్న పిల్లలు ఈ పుస్తకం పట్టుకుంటారు తమ్ముడూ, వాళ్ల కోసమైనా ఆ పాకని వదిలెయ్యకు. ఆ తర్వాత, మనిషైపోయిన పినోకియో కుర్చీకి ఆనించి ఉన్న తన పాత కొయ్యబొమ్మని చూసి, అప్పుడెంత వింతగా ఉండేవాణ్ణో అంటాడు. పుస్తకంలో వాడికి సంతోషమే. నీ పినోకియోకి కూడా అంతేనా, వాడి మొహంలో ఇంకేమైనా ఉందా అన్నది నువ్వు తేల్చుకోవాలి, ఆ మొహం గీసేముందు ఆర్టిస్టుతో కూర్చుని మాట్లాడు.

ముందు టోపీల సీను నాలుగు పేజీలూ డైలాగులు లేకుండా థంబ్‌నెయిల్స్ గీయించి పంపు. మాటల్లేకుండా నాకు అర్థమైతే మిగతా స్క్రిప్ట్ గురించి అప్పుడు మాట్లాడుకుందాం.

మీ అన్నయ్య