అప్‌వర్క్‌లో ప్రతిపాదనలకు జవాబు రాకపోతే

ఫ్రీలాన్స్ పనులు దొరికే అప్‌వర్క్ సైటులో 40 ప్రతిపాదనలు పంపినా ఒక్కరూ పలకలేదన్నారు. మీ ప్రతిపాదన నమూనా చదివాను. లోపం మీ పనితనంలో లేదండీ, మొదటి రెండు వాక్యాల్లో ఉంది. జాబితాలో క్లయింటు కంటికి ముందుగా ఆనేవి అవే. అక్కడ మీరు "గౌరవనీయులైన సర్, నాకు 5 ఏళ్ల అనుభవం ఉంది" అని రాశారు. దానికి బదులు ప్రకటనలోని సమస్యనే పట్టుకోండి: "మీ సైటు ఫోనులో నెమ్మదిగా తెరుచుకుంటోంది. మొదటి పేజీలో బొమ్మలు ఒక్కొక్కటి 4 ఎంబీ ఉన్నాయి, ముందు వాటిని తగ్గిస్తాను." ఆ తర్వాత అలాంటి పని ఒక్కదాని లింకు, చివర ఒక ప్రశ్న. చాలు.

దరఖాస్తులకు కనెక్ట్స్ (అప్‌వర్క్ టోకెన్లు) ఖర్చవుతాయి కదా, రోజుకు పది వద్దు, రెండే పంపండి. ప్రకటనను చివరిదాకా చదవండి; "జవాబును ఫలానా మాటతో మొదలుపెట్టండి" అని, పూర్తిగా చదివారో లేదో చూడటానికి మధ్యలో దాచేవారూ ఉంటారు. తిరగరాశాక చూపించండి, తప్పకుండా చదువుతాను.